చెప్పకుండ చేసిన మరమ్మతు

తాళానికి చెవి ఉన్నదని మొదట అన్న తెలుగువాడెవరో గాని రసికుడు. సంస్కృతం దానిని కుంచిక అని ఊరుకున్నది. తెలుగు మాత్రం దానిని తాళపుచెవి అన్నది. చెవి అంటూ ఉన్న తరువాత దానికి నగ పెట్టకుండ మానవుడు నిలువలేడు. ఇంటి తాళం, బీరువా తాళం, ఆఫీసు సొరుగు తాళం, ఒక ఇత్తడి బిళ్ల, దానిమీద ఇష్టదైవం బొమ్మ, వీటినన్నిటిని ఒక ఉంగరానికి గ్రుచ్చి ఆ ఉంగరాన్ని కారు తాళపుచెవికి తగిలిస్తాడు. బరువైన కమ్మలు పెట్టిన చెవితమ్మె సాగినట్లే ఈ చెవి కూడ క్రిందికి లాగబడుతుంది. ఆ లాగుడుకు లోపలి యంత్రం తట్టుకోగలిగితే ఏ చిక్కు లేదు. తట్టుకోలేకపోతే ఏమవుతుందో అమెరికాలో వెల్లడి కావడానికి పది సంవత్సరాలకు పైగా పట్టినది.

జనరల్ మోటార్స్ సంస్థ అక్కడ షెవ్రొలే కోబాల్ట్, శాటర్న్ అయాన్ అనే చిన్నకార్లను తయారుచేసినది. 2003 మొదలు 2007 వరకు వచ్చిన ఆ నమూనాలలోను, వాటితో పుట్టిన మరికొన్ని కార్లలోను అమర్చిన ఇగ్నిషన్ స్విచ్చి లోపభూయిష్టమైనది. ఆ లోపం 2014లో బయటపడినది. తరువాత ఏర్పడిన నష్టపరిహార నిధి లెక్కలు ముగిసేనాటికి 124 మంది మరణించినట్లు, 275 మంది గాయపడినట్లు అంగీకరింపబడినది. స్విచ్చిలో లోపం ఉండడం ఈ కథలో ఒక భాగం. అంతకన్న విచిత్రమైన భాగం మరొకటి ఉన్నది. ఆ లోపాన్ని ఒకరు ఎప్పుడో బాగుచేసినారు. ఆ మాట మాత్రం ఎక్కడా వ్రాయలేదు.

స్విచ్చి అంటే ఏమో ముందు తెలియాలి. తొలినాటి కార్లకు ముందువైపు ఇనుపకడ్డీ దూర్చి చేతితో త్రిప్పవలసి వచ్చేది. ఇంజను ఎదురుతిరిగినప్పుడు ఆ కడ్డీ మనిషి చేతిని విరుగగొట్టిన సందర్భాలు కొల్లలు. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నమూనా కాడిలాక్ కారులో అమరిన తరువాత ఆ బాధ తగ్గినది. అప్పటికీ నిప్పురవ్వకు విద్యుత్తును అందించే మీట ఒకటి, స్టార్టరు మీట మరొకటి వేరువేరుగానే ఉండేవి. ఆ రెండింటిని ఒకే తాళపుచెవి త్రిప్పుడులో ఇమిడ్చే పద్ధతిని క్రైస్లర్ సంస్థ 1949లో తెచ్చినది. నేడు పాతకారు అని పిలిచే వాటిలో హెచ్చుభాగం ఆ పద్ధతివే.

ఇందులో ఉన్నవి రెండు వస్తువులని మెకానిక్కులకు తెలుసును గాని కారు యజమానులకు సాధారణంగా తెలియదు. తాళపుచెవి దూర్చే లోహపు గొట్టం ఒకటి. అది ద్వారపాలకుని వంటిది. వచ్చిన చెవి తన ఇంటిదో కాదో చూచి తిరగనిస్తుంది. దాని వెనుక దాగి ఉన్నది అసలు స్విచ్చి. గొట్టం తిరిగితే అది తిరుగుతుంది. దానికి వరుసగా నాలుగు స్థానాలు. మొదటి దానిలో అంతా బంధింపబడి ఉంటుంది. రెండవ దానిలో రేడియో వంటి వాటికి మాత్రం విద్యుత్తు అందుతుంది. దీనిని ఆక్సెసరీ స్థానం అంటారు. మూడవది ఇంజను నడిచే స్థానం. నాలుగవది స్టార్టరును త్రిప్పే స్థానం. చేయి వదలగానే అది వెనుకకు వచ్చి మూడవ దానిలో నిలుస్తుంది.

ఆ నిలవడంలోనే కథంతా ఉన్నది. గోడమీది పంకా రెగ్యులేటరును ఒక అంకెనుండి మరొక అంకెకు జరిపితే టక్కుమని వ్రేలికి తగులుతుంది గదా. లోపల చిన్న ములుకు ఒకటి స్ప్రింగు బలంతో గాడిలో దిగడం వలన కలిగే స్పర్శ అది. ఇగ్నిషన్ స్విచ్చిలో కూడ అటువంటి ములుకే ఉంటుంది. స్ప్రింగు గట్టిగా ఉంటే ములుకు గాడిని విడువదు. మెత్తగా ఉంటే కొద్దిపాటి కుదుపుకే గట్టుదాటి పక్క గాడిలో పడుతుంది.

సామాన్యంగా పాతకారులో ఇగ్నిషన్ స్విచ్చి చెడినదంటే ఈ ములుకు సంగతి ఎవరికీ తోచదు. వేల మార్లు కలిసి విడివడిన రాగిరేకులు కాలి, అరిగి, మసిబట్టి పోవడమే అందరూ ఎరిగిన రోగం. దాని లక్షణాలు స్పష్టమైనవి. తాళపుచెవిని కొంచెం కదిలిస్తే మీటరు దీపాలు ఆరి వెలుగుతాయి. చెవి చివరిదాకా త్రిప్పి పట్టుకున్నంతసేపు ఇంజను నడుస్తుంది. చేయి వదలగానే ఆగిపోతుంది. నాలుగవ స్థానపు రేకు మంచిదై, మూడవదాని రేకు అరిగినదన్నమాట. చెవి త్రిప్పడమే బిగువుగా ఉంటే ఆ దోషం గొట్టానిది. స్విచ్చిని నిందించి ప్రయోజనం లేదు. తెలిసిన మెకానిక్కు మొదట బ్యాటరీ కొనలను, ఫ్యూజులను చూచి, ఆ తరువాతనే స్విచ్చి జోలికి పోతాడు. చెవిని నడిచే స్థానంలో ఉంచి, దీపాలు మొదలైనవి వేసి, స్విచ్చిలోకి వచ్చే తీగకు, వెలుపలికి పోయే తీగకు మధ్య మీటరు పెడతాడు. తేడా అర వోల్టుకు మించితే రేకులు విద్యుత్తును మింగుతున్నవని అర్థం. కొత్త స్విచ్చి తెచ్చి, బ్యాటరీ తీగ ఊడదీసి, పాతదానిలో ఏ తీగ ఎక్కడున్నదో గుర్తుపెట్టుకుని బిగిస్తాడు. పని ముగిసినది.

కోబాల్ట్ రోగం ఈ కోవలోనిది కాదు. దాని రేకులు మెరుస్తూనే ఉన్నవి. వదులైనది గాడిలోని పట్టు. పైగా అది వాడుక వలన అరిగి వదులైనది కూడ కాదు, పుట్టుకతో వచ్చిన దౌర్బల్యం. చెవి నడిచే స్థానంనుండి జారకుండ ఉండడానికి 20 న్యూటన్ సెంటీమీటర్ల త్రిప్పుడు బలం కావాలని, అయిదు అటూ ఇటూ ఉండవచ్చునని కంపెనీవారే నిర్ణయించినారు. అంటే 15కు తగ్గరాదు. ఈ లెక్క విద్యార్థులకు కష్టమైనది కాదు. ఇరుసుకు పది సెంటీమీటర్ల దూరాన 150 గ్రాములకు కొంచెం మించిన బరువు వ్రేలాడదీస్తే పుట్టే బలం అది. ఆ కనీసపు బలం కూడ ఆ స్విచ్చికి లేదని పరీక్షలలో తేలినది. తేలినప్పటికీ బాధ్యుడైన ఇంజనీరు 2002లో దానిని ఆమోదించినాడు. విద్యుత్ సంబంధమైన ఇతర చిక్కులతో అప్పటికే అతడు విసిగి ఉన్నాడు. ఒక ఉత్తరంలో దానిని నరకంనుండి వచ్చిన స్విచ్చిగా పేర్కొని, దానితో అలసిపోయినట్లు తన సంతకంలోనే వ్రాసుకున్నాడు.

తాళాల గుత్తి బరువు ఇక్కడ రంగప్రవేశం చేస్తుంది. ఆ కార్ల తాళపుచెవికి ఉంగరం దూర్చే రంధ్రం గుండ్రంగా ఉండక, పొడవైన చీలికగా ఉండేది. ఉంగరం ఆ చీలికలో జరిగి ఒక కొసకు చేరుతుంది. త్రాసుదండెం కొసన పెట్టిన రాయి నడుమ పెట్టిన రాయికన్న ఎక్కువ త్రిప్పుతుందని చిన్న తరగతుల పిల్లలకు కూడ తెలుసును. కొసకు చేరిన గుత్తి, దారిలో ఒక గుంట, లేక పొడగరి డ్రైవరు మోకాలు తగలడం – వీటిలో ఏది తోడైనా ములుకు గట్టుదాటి, మూడవ స్థానంలోని చెవి రెండవ దానికి జారిపోయేది.

అప్పుడు కారు వేగంగా పోతూనే ఉంటుంది, ఇంజను ఆగిపోతుంది. స్టీరింగుకు అందే యంత్రసహాయం పోయి అది ఒక్కసారిగా బరువెక్కుతుంది. బ్రేకులకు ఇంజను ఇచ్చే దన్ను కూడ కొద్ది త్రొక్కుళ్లతో ఖర్చయిపోతుంది. కారు దేనినో ఢీకొన్నప్పుడు మనిషి ముఖానికి, గుండెకు అడ్డుగా విచ్చుకోవలసిన గాలితిత్తి, దానినే ఎయిర్ బ్యాగు అంటారు, విచ్చుకోదు. రెండవ స్థానంలో దానికి విద్యుత్ అందదు. కాపాడవలసిన క్షణంలోనే కాపాడేది నిద్రపోతుంది. ఈ ఒక్క సంగతి, ఇంజను ఆగితే గాలితిత్తి కూడ ఆగుతుందన్న సంగతి, సంస్థలోని ఇంజనీర్లలో చాలమందికి మనసుకు పట్టలేదు. అందువలన వారు ఈ లోపాన్ని భద్రతకు సంబంధించినదిగా భావింపక, కొనుగోలుదారుని సౌకర్యానికి సంబంధించినదిగా వర్గీకరించినారు. ఒక వస్తువును ఏ పేరు క్రింద నమోదు చేస్తారో దానిని బట్టే దాని విలువ ఏర్పడుతుంది. సౌకర్యమన్న పేరు పడిన తరువాత ఖర్చు గుర్తుకు వచ్చినది. ఒక్కొక్క కారుకు డాలరుకన్న తక్కువ ఖర్చే అయినా అది అనవసరమనిపించినది.

2005 డిసెంబరులో సంస్థ తన డీలర్లకు ఒక సర్వీసు బులెటిన్ పంపినది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తాళపుచెవినుండి బరువైన వస్తువులను తీసివేయవలసిందని చెప్పండి. చీలికను చిన్న రంధ్రంగా మార్చే బిళ్ల నొకదానిని అందులో అమర్చండి అని దాని సారాంశం. చెవికి నగ బరువైతే నగ తీసివేయమన్నారు గాని చెవి సంగతి చూడలేదు. అదైనా ఫిర్యాదు చేసినవారికే. తక్కినవారికి కబురు లేదు.

ఇంతలో 2006 ఏప్రిలు వచ్చినది. వెనుక స్విచ్చిని ఆమోదించిన ఆ ఇంజనీరే దాని ములుకును, స్ప్రింగును మార్చడానికి సంతకం చేసినాడు. కొత్త స్ప్రింగు పొడవు పాతదానికన్న రెండు మిల్లీమీటర్లు కూడ ఎక్కువ లేదు, బియ్యపుగింజ మందమంత. ఆ గింజ మందమే చాలినది. 2007 నమూనా నడుస్తుండగానే కొత్త స్విచ్చిలు కార్లలోకి రాసాగినవి. వాటిలో చెవి జారిపోవడం మానినది. అయితే వస్తువు మారినప్పుడు దాని పార్టు నంబరు కూడ మారాలన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం. ఇక్కడ నంబరు మారలేదు. దుర్బలమైన స్విచ్చికి, బలమైన స్విచ్చికి ఒకే నంబరు నిలిచిపోయినది.

కావ్యంలో ఒకే పదం రెండర్థాలిస్తే అది శ్లేష. రసజ్ఞులు తల ఊపుతారు. విడిభాగాల పట్టికలో శ్లేష వస్తే మనుషులు చస్తారు. నంబరు అనేది అక్కడ ఒక ప్రమాణం. ఈ పేరు పెట్టి అడిగితే ఈ వస్తువే వస్తుందని కార్ఖానా మెకానిక్కుకు ఇచ్చే మాట. ఆ మాట చెడినదని ఎవరికీ తెలియదు కాబట్టి దాని ఫలితం నానాటికీ పెరిగినది.

ఆ సంవత్సరమే విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక కోబాల్ట్ ప్రమాదానికి గురియై ఇద్దరు బాలికలు చనిపోయినారు. దానిని విచారించిన ఒక రాష్ట్ర పోలీసు అధికారి 2007లో ఇచ్చిన నివేదికలో ఇగ్నిషన్ ఆక్సెసరీ స్థానంలో ఉన్నదని, గాలితిత్తులు విచ్చుకోకపోవడానికి అది కారణం కావచ్చునని, సంస్థవారి బులెటిన్‌ను కూడ ఉదహరించి వ్రాసినాడు. రోడ్డుమీద నిలబడి కొలతలు తీసుకునే పోలీసుకు తోచినది. ఆ నివేదిక సంస్థ దస్త్రాలలోకి చేరినది, అక్కడే పడి ఉన్నది. సంస్థలోని పరిశోధకులు వేరొక తికమకలో ఉన్నారు. పాత నమూనాలలో గాలితిత్తులు విచ్చుకోని ప్రమాదాలు కనబడుతున్నవి, కొత్త నమూనాలలో కనబడడం లేదు. స్విచ్చి కారణమైతే రెండింటిలోను కనబడాలి గదా; రెండింటి స్విచ్చి నంబరు ఒకటే గదా. కాబట్టి కారణం స్విచ్చి కాదేమో. తర్కంలో దోషం లేదు, ఆధారంగా తీసుకున్న నంబరులో ఉన్నది. రోగం కుదిర్చిన మందే రోగాన్ని కనబడకుండ దాచినది.

2010లో జార్జియా రాష్ట్రంలో ఒక యువతి, తన కోబాల్ట్ నడుస్తూ నడుస్తూ ఆగిపోతున్నదని డీలరు దగ్గరకు తీసుకువెళ్లినది. అక్కడ ఇంధనం వచ్చే మార్గాన్ని శుభ్రపరచి పంపినారు. కొద్ది రోజులలోనే ఆమె ప్రమాదంలో మరణించినది. ఆమె తల్లిదండ్రులు వ్యాజ్యం వేసినారు. వారి న్యాయవాదికి తోడ్పడిన ఫ్లోరిడా ఇంజనీరు ఒకరు చేసిన పని విద్యార్థులు గుర్తుంచుకోదగినది. ప్రమాదానికి గురియైన కారు స్విచ్చిని పరీక్షించిన పిమ్మట ఆయన బజారుకు వెళ్లి, అదే పార్టు నంబరు గల కొత్త స్విచ్చిని సుమారు 30 డాలర్లకు కొని తెచ్చినాడు. రెండింటిని పక్కపక్కన పెట్టి విడదీసి చూచినాడు. పేరు ఒకటే, ములుకు వేరు, స్ప్రింగు బిగువు వేరు. మహా పరిశోధనాలయాలకు దొరకని రహస్యం ఆ విధంగా ఒక బల్లమీద బయటపడినది. 2013లో ప్రమాణపూర్వకంగా ప్రశ్నించినప్పుడు సంస్థ ఇంజనీరు అటువంటి మార్పు ఏదీ తనకు తెలియదన్నాడు. ఆ మార్పును ఆమోదించిన కాగితంమీద సంతకం అతనిదే.

2014 ఫిబ్రవరిలో సంస్థ కార్లను మరమ్మతుకు వెనుకకు పిలువసాగినది. పిలుపు విడతలు విడతలుగా విస్తరించి మార్చి చివరికి దాదాపు 26 లక్షలకు చేరినది. ఆ చివరి విడతకు కారణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. అది 2008 మొదలు 2011 వరకు వచ్చిన నమూనాలను గురించి. అవి మంచి స్విచ్చితో పుట్టిన కార్లు. అయితే దుర్బలమైన స్విచ్చిలు సుమారు 95,000 విడిభాగాలుగా డీలర్లకు, వర్తకులకు అమ్ముడైనవి. వాటిలో ఇంచుమించు 5,000 ఈ తరువాతి కార్ల మరమ్మతులో వాడి ఉండవచ్చునని అంచనా. అంటే ఎక్కడో ఒక మెకానిక్కు, మంచి స్విచ్చి ఉన్న కారులో ఏదో పనికై దానిని తీసి, సరియైన నంబరు చూచి, చెడ్డ స్విచ్చిని శ్రద్ధగా బిగించినాడు. అతనిలో ఏ తప్పు లేదు. ఏ కారులో ఏది ఉన్నదో నంబరు చెప్పదు కనుక, ఆ 5,000 కొరకు ఒక్క అమెరికాలోనే 8,24,000 కార్లను పిలువవలసి వచ్చినది.

తరువాతి కథ పత్రికలలో వచ్చినదే. ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2014 మే నెలలో మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా విధించినది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ 90 కోట్ల డాలర్లు చెల్లించినది. న్యాయవాది యాంటన్ వాలుకాస్ 2014 జూనులో ఇచ్చిన నివేదిక తరువాత పదిహేనుమంది ఉద్యోగులు తొలగింపబడినారు. ఆ నివేదికలో సంస్థలోని రెండు ఆచారాల వర్ణన ఉన్నది. ఒకటి తల ఊపుడు: సభలో అందరూ ఒక పనికి అంగీకరించి తల ఊపుతారు, లేచి వెళ్లిన తరువాత ఎవరూ చేయరు. రెండవది నమస్కారం: చేతులు రొమ్ముమీద అడ్డంగా వేసుకుని, వ్రేళ్లను ఇటువానివైపు, అటువానివైపు చూపడం, అది నా పని కాదు, వారిది అని భావం. మన కార్యాలయాలలో తిరిగినవారికి ఈ ముద్రలు పరిచితమైనవే.

ఇక మరమ్మతు విషయం. పిలుపు వచ్చిన కార్లకు మొదట స్విచ్చి ఒక్కటే మార్చాలనుకున్నారు. ఇంజను నడుస్తుండగానే చెవి ఊడి చేతికి వచ్చే అవకాశం ఉన్నదని తెలిసి, తాళపు గొట్టాన్ని, చెవులను కూడ మార్చ నిశ్చయించినారు. విడిభాగాలు అందేవరకు గుత్తి తీసివేసి ఒంటి చెవితోనే కారు నడపవలసిందని యజమానులకు చెప్పినారు. అటువంటి కారు ఇప్పటికీ ఎవరి చేతికైనా పాతదిగా వస్తే, కారుకుండే గుర్తింపు సంఖ్య చెప్పి డీలరును అడిగితే, పిలుపు పని జరిగినదో లేదో తెలుస్తుంది. సంత బజారులో దొరికిన పాత స్విచ్చిని, పైన ఉన్న నంబరు చూచి కొనడం మాత్రం పనికిరాదు. గాలితిత్తి ఉన్న కారులో స్టీరింగు దగ్గర చేయిపెట్టేముందు బ్యాటరీ తీగ ఊడదీసి కొన్ని నిమిషాలు ఆగాలి. లోపల నిలువ ఉన్న విద్యుత్తు ఇంకిపోకముందు కదిలిస్తే ఆ తిత్తి ముఖంమీదనే ప్రేలవచ్చును. కొత్త స్విచ్చి బిగించిన తరువాత చెవిని నాలుగు స్థానాలలోను త్రిప్పి చూచి, నడిచే స్థానంలో ఉంచి, వ్రేలితో మెల్లగా వెనుకకు నెట్టి చూడాలి. గాడి గట్టిగా పట్టుకున్నదీ లేనిదీ వ్రేలికే తెలుస్తుంది. దానితోపాటు వచ్చే కొత్త తాళపుచెవికి పొడవైన చీలిక ఉండదు. నడుమ ఒక చిన్న గుండ్రని రంధ్రం మాత్రమే ఉంటుంది.